కొసరు

ఇంట్లో కరివేపాకు చెట్టుండగా
బజార్లో కరివేపాకు కొనడం మొదలుపెట్టాను.
మౌలాలి కమాను దగ్గర భారతమ్మ
టమాటాల మీద ఎప్పుడూ ఒక రెబ్బ కొసరేసేది.
పది రూపాయలిచ్చి కట్టడిగేసరికి
తక్కెడ వదిలేసి నా ముఖంలోకి చూసింది:
"మీ చెట్టు సచ్చిందా ఏందమ్మా?"

చావలేదు.
అద్దెకు పోయింది.

ఫాల్గుణం చివర ఒక ఆదివారం
మూకుట్లో ఆవాలు చిటపటమంటుంటే
పెరట్లోకి పరిగెత్తి రెబ్బ తుంచబోయాను.
ఆకు మీద పిట్ట రెట్ట.
గోటితో గీకబోతే
రెట్ట తలెత్తింది.
నెత్తి మీంచి రెండు ఎర్రటి కొమ్ములు చాపి
కుళ్ళిన నారింజ తొక్కలాంటి వాసనొకటి
నా మీదికి విసిరింది.
లోపల పోపు మాడింది.
చారు నల్లగా ఉందని ఎవరూ అనలేదు,
తిన్నది నేనొక్కదాన్నే కనక.

కూరలో కరివేపాకులా తీసి పారేశారని
టైల్స్ గోదాములో ఎన్ని మధ్యాహ్నాలు
లెక్కల పుస్తకం అడ్డం పెట్టుకుని ఏడ్చానో.
ఇదిగో, ఆ ఆకునే
ఈనె దాకా, తొడిమ దాకా,
పళ్ళెం అంచున ఒక్క తునక పెట్టకుండా
తినే ప్రాణి.

మొత్తం ఐదు.
లెక్కలు రాసేదాన్ని, లెక్కపెట్టకుండా ఉండలేను.
సోమవారం ఐదు, ఐదూ వేషం విప్పి పచ్చ చొక్కాలు తొడిగాయి.
బుధవారం నాలుగు.
గోడ మీద తొండ,
మెడ దాకా ఎర్రబడి, కొత్త పెళ్ళికొడుకులా
దండీలు తీస్తోంది.
చీపురెత్తాను.
ఇస్త్రీ బట్టలు తెచ్చిన సైదులు అన్నాడు:
"తిననీ అక్కా. దానికి గూడ ఎండాకాలమే కదా."
వాడికి పన్నెండేళ్ళు. చీపురు దించాను.

ఆ సాయంత్రం వాడే నన్ను
రైల్వే క్వార్టర్ల వెనక ప్లాట్లలోకి నడిపించుకుపోయాడు.
కానుగ చెట్లు నిన్నటిదాకా బోడివి,
ఇవాళ నూనె రాసినట్టు తళతళ.
ఎక్కడో పైన కంసాలి పిట్ట
టుక్ టుక్ టుక్,
బంగారం ధర ఎంతకెక్కినా కొట్టు మూయదు.
కనిపించిందా అంటే
కనిపించిందని అబద్ధమాడాను.

"అక్కా, ఆగు. కాలు పెట్టకు."

కంకర. మళ్ళీ చూస్తే కూడా కంకరే.
మూడోసారికి
నాలుగు రాళ్ళు గుడ్లయ్యాయి.
నెత్తిన తీతువు ఒకటే గోల.
అది కూస్తే చావు కబురంటుంది మా మేనత్త.
పాపం, దాని భయమంతా మన కాళ్ళే.
చుట్టూ ఎవరో నాలుగు ఇటుకలు పేర్చారు,
నీళ్ళ ట్యాంకర్ అటు తిరగకుండా.
"వాచ్‌మెన్ కాశన్న పెట్టిండు.
ఓనరొస్తే కబ్జా అయిందని చెప్తడంట."
ఈ ఊళ్ళో
కాగితాల్లేని కబ్జాకి
నేను సంతోషించడం అదే మొదలు.

చైత్రంలో ఒక పొద్దున
వేలాడే డొల్ల ఒకటి ఖాళీగా కనిపించింది,
వీపు చీలి, పలచగా, ఉల్లిపొరలా.
ఎగిరిన క్షణంలో నేను
నూట ముప్పై ఆరో నంబర్ బిల్లు
రెండోసారి కూడుతున్నానేమో.
మధ్యాహ్నం గోదాములోకి
నల్ల సీతాకోకొకటి వచ్చింది,
రెక్క మీద తెల్ల చుక్కల వరస.
పువ్వు బొమ్మున్న టైలు మీద వాలి
మోసపోయి
లేచిపోయింది.
అదే కాదని తెలుసు.
మౌలాలిలో ఎన్ని కరివేపాకు చెట్లు!

అయినా ఆ పూట బిల్లు తప్పు కూడాను.

నిన్న భారతమ్మకు కథంతా చెప్పాను.
బెండకాయలు తూస్తూ వింది, ఊ అనలేదు.
సంచి అందుకుని నాలుగడుగులు వేశానో లేదో
వెనక్కి పిలిచి
కట్టలోంచి ఒక రెబ్బ పట్టుకుని చూపించింది.
కొసన
పిట్ట రెట్ట.
"మీ సుట్టమేనా సూడు.
దీనికి పైసల్లేవు తియ్."